అలక ఏ గడిలో ఉంది?

కామిక్స్ గీయడం నేర్చుకుంటున్న ఒక కుర్రాడినో అమ్మాయినో పిలిచి, అలకపాన్పు మీద కూర్చున్న పెళ్ళికొడుకు బొమ్మ వేయమనండి. ముఖకవళికలు నేర్పే ఏ పుస్తకం తెరిచినా, ఏ వీడియో చూసినా ఎదురయ్యే ఎక్స్‌ప్రెషన్ చార్టు ఆ చేతికి ఈపాటికే అలవాటైపోయి ఉంటుంది. వరసగా గళ్ళు, గడికో గుండ్రటి తల, తల కింద ఓ పేరు: సంతోషం, దుఃఖం, కోపం, భయం, ఆశ్చర్యం, అసహ్యం. కోపం గడిలోంచి కనుబొమలు తెచ్చి పెడితే పెళ్ళికొడుకు విలన్‌లా తయారవుతాడు. దుఃఖం గడిలోంచి మూతి తెచ్చి పెడితే ఇష్టంలేని పెళ్ళికి తలవంచినవాడిలా ఉంటాడు. రెండూ కలిపితే ఏదో నొప్పితో బాధపడుతున్నట్టు ఉంటుంది. నిజానికి ఆ పెళ్ళికొడుకు మనసు నిండా సంతోషమే. పైకి మాత్రం బిగుసుకుని కూర్చున్నాడు. మామగారు ఎప్పుడొచ్చి బతిమాలతారా అని గుమ్మం వైపు ఓరకంట చూస్తున్నాడు, చూస్తున్నట్టు ఎవరూ పసిగట్టకుండా చూస్తున్నాడు. చుట్టూ చేరిన మరదళ్ళు, బావమరుదులు నవ్వుతున్నారు కాబట్టే ఆ బిగింపుకి ఒక అర్థం ఉంది. బతిమాలేవాళ్ళు లేనిచోట అలకే లేదు. మూడేళ్ళ పిల్లలు కూడా ఆరితేరిపోయే ఈ భావానికి ఆ చార్టులో చోటు లేదు. ఇంకో గడి గీసి కింద ‘అలక’ అని రాసినా ఫలితం ఉండదు. ఒంటరి తలకాయగా గీసిన అలకని చూసినవాళ్ళు నిద్ర చాలని మనిషి అనుకుంటారు, లేదా ముభావి అనుకుంటారు.

చార్టును నమ్మేవాళ్ళ వాదన చెప్పుకోవడానికి చాలా సులువుగా ఉంటుంది. మనిషికి ఉన్న మూలభావాలు కొన్నే. ఒక్కో భావానికి ముఖం మీద ఒక్కో ముద్ర ఉంది, ఆ ముద్ర ప్రపంచమంతటా ఒకటే. వాటిని నేర్చుకుని, ఎరుపూ పసుపూ కలిపి నారింజ రంగు చేసినట్టు కలుపుకుంటూ పోతే ఏ భావాన్నయినా గీయవచ్చు. ఈ నమ్మకం పక్కనే దీని తోబుట్టువు లాంటి ఇంకో నమ్మకం ఉంది: కొత్త పాత్ర అంటే కొత్త ముఖం అని. ముందు ఎవరికీ లేని జుట్టూ, ఎవరికీ లేని కళ్ళూ, చెంప మీద ఓ గాటూ కనిపెట్టాలి. ఆ ముఖాన్ని చార్టులోని భావాలన్నిటిలోనూ గీసి ఒక షీటు తయారుచేయాలి. పాత్ర సిద్ధమైనట్టే, కథ తర్వాత చూసుకోవచ్చు. ఈ రెండూ ఒకే పొరపాటుకి రెండు కొమ్మలని నా అభిప్రాయం. భావం అనేది ముఖంలో నిల్వ ఉండే సరుకు కాదు. ఆ ముఖం ఎవరి ఎదుట ఉంది, ఎందుకు అలా ఉంది అన్నదానికీ ముఖానికీ మధ్య అది పుడుతుంది. కొత్త పాత్రలోని కొత్తదనం కూడా అక్కడే, ఆ మనిషి స్పందించే తీరులో, స్పందించకుండా దాచుకునే తీరులో ఉంటుంది. ఈ సంగతి చెప్పకుండా చార్టు చేతికిచ్చి పంపుతున్నందువల్ల, గీత మీద మంచి పట్టున్న పిల్లలు కూడా పేజీ నిండా ముఖాలు నింపి, ఆ ముఖాల్లో ఒక్క మనిషి కూడా కనిపించక ఏం తక్కువైందో తెలియక నిరుత్సాహపడుతున్నారు. ఆ నిరుత్సాహానికి కారణం వాళ్ళ చేతిలో లేదు.

చార్టు చరిత్ర పాతదే. 1668లో ఫ్రాన్సు రాజాస్థాన చిత్రకారుడు షార్ల్ లె బ్రన్ అక్కడి చిత్రకళా అకాడమీలో ముఖభావాల మీద ఉపన్యసించాడు. మనసులోని ఉద్రేకాలు అన్నిటికన్నా కనుబొమల్లోనే ఎక్కువ బయటపడతాయని ఆయన వాదన. ఒక్కో ఉద్రేకానికి ఒక్కో తల గీసి చూపాడు. ఆయన పోయాక 1698లో అచ్చయిన ఆ ఉపన్యాసం, ఆ తలలూ తరాలపాటు చిత్రకళ విద్యార్థులకు నకలు తీసుకునే నమూనాలయ్యాయి. 1862లో డ్యుషెన్ అనే ఫ్రెంచి వైద్యుడు ఇంకో అడుగు ముందుకేశాడు. ముఖంలో స్పర్శజ్ఞానం సరిగా లేని ఒక వృద్ధుడి చెంపలకీ నుదుటికీ విద్యుత్తు తీగలు ఆనించి, ఒక్కో కండరాన్ని బిగింపజేసి ఫొటోలు తీశాడు. ఏ కండరం బిగిస్తే ఏ భావమో చెప్పేయవచ్చని ఆయన నమ్మకం. ఆ ఫొటోలు డార్విన్ చేతికి వచ్చాయి. 1872లో వచ్చిన ముఖభావాల పుస్తకంలో డార్విన్ వాటిలో కొన్నిటిని వాడుకున్నాడు, కానీ వాడే ముందు ఒక పని చేశాడు. వివరణ ఏమీ చెప్పకుండా ఆ ఫొటోలను ఇరవైమందికి పైగా చూపించి, ఇది ఏ భావం అని విడివిడిగా అడిగాడు. కొన్నిటికి దాదాపు అందరూ ఒకే జవాబు చెప్పారు. కొన్నిటికి ఒకరి జవాబుకీ ఇంకొకరి జవాబుకీ పొంతనే లేదు. అప్పుడు డార్విన్ తన సంగతే తాను గమనించుకున్నాడు. మొదటిసారి చూసినప్పుడు పక్కనే ఉన్న వివరణ చదువుతూ చూశాడు కాబట్టి ప్రతి ఫొటో సత్యంలా తోచిందనీ, వివరణ లేకుండా చూసి ఉంటే తాను కూడా మిగతావాళ్ళలాగే తికమకపడేవాడిననీ ఒప్పుకున్నాడు. చార్టులో తల కింద రాసి ఉన్న పేరు చేసే పని సరిగ్గా ఇదే. పేరు చదివిన కన్ను ఆ పేరునే ముఖంలో చూస్తుంది. ఏ చార్టునైనా తీసుకుని పేర్ల మీద కాగితం కప్పి నలుగురిని అడిగితే, నూట యాభై ఏళ్ళ కిందటి డార్విన్ అనుభవం ఎవరికైనా ఎదురవుతుంది.

ఇవాళ్టి చార్టుకి శాస్త్రబలం ఇచ్చినవాడు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ ఎక్‌మన్. 1960ల చివర పాపువా న్యూగినీలోని ఫోరే తెగ వాళ్ళ దగ్గరికి వెళ్ళి, చిన్న కథ చెప్పి, ఈ కథకి సరిపడే ముఖం ఏదని ముందుంచిన ఫొటోల్లోంచి ఎంచుకోమన్నాడు. పెద్దవాళ్ళకు మూడు ఫొటోలు, పిల్లలకు రెండు. వాళ్ళు ఎక్కువగా ఆయన ఆశించిన ముఖాలనే ఎంచుకున్నారు. ఆరు మూలభావాల సిద్ధాంతం అలా స్థిరపడింది. స్కాట్ మెక్‌క్లౌడ్ 2006లో రాసిన కామిక్స్ పాఠ్యగ్రంథం కూడా ఈ ఆరింటినే పునాదిగా తీసుకుని, వాటిని కలుపుతూ కొత్త భావాలు రాబట్టడం నేర్పింది. శరీరభాష గురించి కూడా మెక్‌క్లౌడ్ వివరంగానే చెప్పాడు, కానీ జనంలోకి పాకింది మాత్రం ఆరు తలల పట్టికే. ఎక్‌మన్ ప్రయోగాన్ని ఇంకోసారి చూడండి. అక్కడ ముఖం ఒంటరిగా లేదు, పక్కన కథ ఉంది. కథ విన్నాక, రెండు మూడు ముఖాల్లోంచి ఒకటి ఏరుకోవడం వేరు, ముఖాన్ని మాత్రమే చూసి కథ చెప్పడం వేరు. అదే పాపువా న్యూగినీకి చెందిన ట్రోబ్రియాండ్ దీవుల్లో కార్లోస్ క్రివెల్లీ బృందం చేసిన పరిశోధన 2016లో వెలువడింది. కళ్ళు పెద్దవి చేసి నోరు తెరిచిన ముఖం, మన చార్టులన్నిటిలో భయానికి గుర్తు. ఆ దీవుల పిల్లలు దాన్ని చూసి కోపంగా ఉన్న ముఖమన్నారు, ఎదుటివాణ్ణి బెదిరించే ముఖమన్నారు. 2019లో లీసా ఫెల్డ్‌మన్ బారెట్‌తో పాటు మరో నలుగురు శాస్త్రవేత్తలు వెయ్యికి పైగా పరిశోధనలను పరిశీలించి, ఒక భావానికి ఒకే ముఖం అన్నమాట నిలబడదని తేల్చారు. కోపం వచ్చిన మనిషి నొసలు ముడిచేది సుమారు 30 శాతం సందర్భాల్లోనే అని బారెట్ చెబుతారు. మిగతా సమయాల్లో కోపం వచ్చిన మనిషి నవ్వుతాడు, ఏడుస్తాడు, గిన్నెలు గట్టిగా పెడతాడు, మాట్లాడటం మానేస్తాడు. కోపం గడిలోని తలకాయ ఈ తక్కిన కోపాలన్నిటినీ కామిక్ పేజీలోంచి గెంటేసింది.

బొమ్మలు వేసేవాళ్ళకి ఇంతకన్నా సూటిగా తగిలే ప్రయోగం 2012లో జరిగింది. హిల్లెల్ అవియెజర్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు కలిసి, పెద్ద పోటీల్లో కీలకమైన పాయింటు గెలిచిన, ఓడిన టెన్నిస్ ఆటగాళ్ళ ఫొటోలు తీసుకున్నారు. తల మాత్రమే కత్తిరించి చూపిస్తే గెలిచినవాడెవడో ఓడినవాడెవడో చూసినవాళ్ళు పోల్చలేకపోయారు. తల తీసేసి ఒట్టి ఒళ్ళు చూపిస్తే ఇట్టే చెప్పేశారు. తలలు మార్చి, గెలిచినవాడి ముఖాన్ని ఓడినవాడి ఒంటికి అతికిస్తే ఒళ్ళు ఏం చెబితే అదే జవాబొచ్చింది. అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి చివర్లో ఉంది. ఒళ్ళూ తలా కలిసిన పూర్తి ఫొటో చూసినవాళ్ళు, తమకు ఆ సంగతి ముఖంలోనే కనిపించిందని గట్టిగా నమ్మారు. ఒళ్ళు చెప్పిన మాటని ముఖం ఖాతాలో వేశారు. ఎక్స్‌ప్రెషన్ చార్టు ఇంతకాలం బతికి ఉండటానికి కారణం నాకు ఇక్కడే కనిపిస్తుంది. మనం మంచి కామిక్ చదివి, అబ్బ, ఆ ముఖంలో ఎంత భావం పలికిందో అనుకుంటాం. పలికింది వంగిన వెన్ను, బిగిసిన పిడికిలి, వెనక గడిలో జరిగిన అవమానం, ముందు గడిలో తెరుచుకోబోయే తలుపు. మన మనసు వాటన్నిటినీ పోగుచేసి రెండు చుక్కల కళ్ళలో పోస్తుంది. నేర్పేవాళ్ళు ఆ చుక్కలను చూపించి, రహస్యం వీటిలోనే ఉందంటున్నారు.

ఇదంతా పడమటి గొడవ, మన సంప్రదాయంలోనే నవరసాలకు తొమ్మిది ముఖాలున్నాయి కదా అని ఒక ప్రశ్న రావచ్చు. నాట్య పాఠశాలల గోడల మీద వేలాడే నవరసాల పటం, ఒకే నర్తకి తొమ్మిది గళ్ళలో తొమ్మిది ముఖాలు పెట్టిన ఫొటో, మన దేశపు ఎక్స్‌ప్రెషన్ చార్టుగా చెలామణీ అవుతున్న మాట నిజమే. కానీ నాట్యశాస్త్రం చెప్పింది అది కాదు. విభావం, అనుభావం, వ్యభిచారీభావం కలిస్తే రసం అని భరతుడి సూత్రం. కారణం, దాని ఫలితంగా ఒంటి మీదా ముఖం మీదా కనిపించేది, మధ్యలో వచ్చిపోయే చిన్న చిన్న భావాలు, ఇవి కలవాలి. ముఖంలో కనిపించేది ఈ మూడింటిలో ఒకదాంట్లో ఒక భాగం మాత్రమే. ముఖం విషయానికొస్తే, భరతుడు దాన్ని ఒక ముద్దగా చూడనే లేదు. చూపులు 36, కనుగుడ్ల కదలికలు 9, రెప్పలవి 9, కనుబొమలవి 7, ముక్కువి 6, చెక్కిళ్ళవి 6, కింది పెదవివి 6 అని విడివిడిగా లెక్కపెట్టాడు. అవి కదలికల లెక్కలు. వాటిని వాడుకోవలసింది పాత్ర, సందర్భం. ఇంకో విశేషం చూడండి. ఆయన చెప్పిన 33 వ్యభిచారీభావాల్లో అవహిత్థ అని ఒకటుంది. లోపలి భావాన్ని దాచుకోవడం అని దానికి అర్థం. సిగ్గువల్లో, భయంవల్లో, పెద్దల ముందున్న మర్యాదవల్లో మనిషి తన ముఖాన్ని కప్పేసుకుంటాడు, మాట మారుస్తాడు, చూపు దించుకుంటాడు. దాచుకోవడాన్నే ఒక భావంగా గుర్తించిన శాస్త్రం మనకుండగా, దాచుకోవడానికి చోటే లేని ఆరు తలకాయలను పట్టుకు వేలాడవలసిన అవసరం ఏముంది?

మన భాష కూడా ఈ సంగతినే రోజూ చెబుతోంది. మూతి ముడుచుకోవడం, మూతి తిప్పడం, పెదవి విరవడం, ముఖం మాడ్చుకోవడం, ముఖం చాటేయడం, గుడ్లురమడం, ముక్కు చిట్లించడం. వీటిలో ఏదీ ఒట్టి కండరాల వర్ణన కాదు, ప్రతిదాంట్లోనూ ఎదుట ఇంకో మనిషి ఉన్నాడు. మూతి ముడుచుకునేది దగ్గరివాళ్ళ మీద. మూతి తిప్పేది పక్కింటావిడ కొత్త చీర చూసి, ఆవిడ అటు తిరగ్గానే. పెదవి విరిచేది అభిప్రాయం అడిగినవాడి ముందు. ముఖం చాటేసేది అప్పిచ్చినవాడు ఎదురైనప్పుడు. నవ్వుల సంగతి తీసుకుంటే ముసిముసిగా, కిసుక్కున, పకపకా, వెకిలిగా, విరగబడి, నవ్వు పులుముకుని, ఒక్కోదానికీ ఒక్కో సందర్భం, ఒక్కో దూరం. నోటితో పలకరించి నొసటితో వెక్కిరించడం అన్న సామెతలో ఒకే ముఖం మీద రెండు సంగతులు ఒకేసారి జరుగుతున్నాయి. ఏ గడిలో వేస్తారు దీన్ని? తెలుగులో కామిక్ గీసే కుర్రాళ్ళు తమ నోట్లో ఉన్న ఈ సంపదని వదిలేసి, వేరే ఊళ్ళో తయారైన ఆరు పేర్లను అరువు తెచ్చుకుంటున్నారన్నది నన్ను బాధిస్తుంది. ఈ పలుకుబళ్ళలో ఒక్కోటి ఒక సిద్ధంగా ఉన్న గడి బొమ్మ: ఇద్దరు మనుషులు, వాళ్ళ మధ్య దూరం, చూపు ఎటు పోతోంది, ఎవరికి తెలియకూడదు, అన్నీ అందులోనే ఉన్నాయి.

బొమ్మకథకు ఆదిపురుషుడనదగ్గ వ్యక్తి రాసిన పుస్తకమే ఈ విషయంలో చార్టుకి ఎదురు సాక్ష్యం చెబుతుంది. జెనీవాలో బడి నడిపిన రొడోల్ఫ్ టోఫర్ 1830ల నుంచి గళ్ళ బొమ్మలతో హాస్యకథలు అచ్చువేశాడు, 1845లో ముఖాల గీత గురించి చిన్న పుస్తకం రాశాడు. ఎంత వంకరగా, ఎంత తెలిసీ తెలియకుండా గీసినా సరే, ముఖం గీశామంటే దానికో కచ్చితమైన భావం ఉండి తీరుతుందన్నది ఆయన పరిశీలన. పెన్సిలు తీసుకుని చూడండి. ఒక సున్నా, రెండు చుక్కలు, కింద ఒక అడ్డగీత. ఆ అడ్డగీత కుడి కొసని వెంట్రుకవాసి పైకి లేపితే ఎవరినో నమ్మని మనిషి వచ్చాడు. చుక్కల్ని కాస్త దగ్గరికి జరిపితే మనిషి బుద్ధే మారిపోయింది. అంటే భావాన్ని ముఖంలో పెట్టడం అనేది సమస్యే కాదు, అది అడగకుండానే వచ్చి కూర్చుంటుంది. టోఫర్ దీని తర్వాత ఒక తేడా చూపాడు: మనిషి స్వభావాన్ని చెప్పే స్థిరమైన గుర్తులు వేరు, ఆ క్షణపు ఉద్రేకాన్ని చెప్పే మారే గుర్తులు వేరు. నవ్వినా ఏడ్చినా మారని నుదురు, ముక్కు, గడ్డం ఒక పక్క. మారే కనుబొమలు, పెదవులు ఒక పక్క. పాత్ర పుట్టేది ఈ రెంటి మధ్య ఒరిపిడిలో. ఎప్పుడూ ఆశ్చర్యపోతున్నట్టుండే కనుబొమలున్న మనిషికి నిజంగా ఆశ్చర్యం వస్తే ఏం చేస్తాడు? దిగులు పడ్డట్టు వంగిన మూతి పుట్టుకతోనే ఉన్న మనిషి సంబరపడితే ఎలా ఉంటాడు? చార్టు ఈ ప్రశ్న అడగనివ్వదు. ఎవరి ముఖమైనా అదే పెదవి వంపు తెచ్చి అతికించమంటుంది. అందుకే చార్టు నేర్చిన చేతి నుంచి వచ్చే పాత్రలన్నీ విగ్గులు మార్చుకున్న ఒకే మనిషిలా ఉంటాయి.

నిలిచిపోయిన పాత్రలను చూస్తే వాటి గొప్ప, ముఖాల సంఖ్యలో లేదు. ఆర్.కె. లక్ష్మణ్ 1951లో టైమ్స్ ఆఫ్ ఇండియాలో మొదలుపెట్టిన రోజువారీ కార్టూన్‌లోని సామాన్యుడు గళ్ళకోటు, పంచె, బట్టతల, కళ్ళజోడు, గుబురు మీసంతో యాభై ఏళ్ళకు పైగా ఒక్క మాటైనా మాట్లాడకుండా నిలబడ్డాడు. తొలిరోజుల్లో లక్ష్మణ్ దేశంలోని రకరకాల ప్రాంతాల మనుషులను గుంపుగా గీసేవారు. పత్రిక గడువు తరుముకొస్తుంటే ఒక్కొక్కరూ తగ్గిపోయి చివరికి ఈయన మిగిలాడు. ఆయన ముఖాన్ని చార్టులోని గళ్ళన్నిటిలో పెట్టబోతే ఆ పాత్ర చచ్చిపోతుంది. మంత్రిగారి వాగ్దానం వింటున్నా, పగిలిన రోడ్డు చూస్తున్నా ఆ కనుబొమలు కాస్త పైకి లేస్తాయి, అంతే. గళ్ళో తక్కినవాళ్ళంతా వాగుతూ ఉంటారు కాబట్టి ఆ చిన్న కదలిక మన గుండెకు తగులుతుంది. అటు అమెరికాలో చార్ల్స్ షుల్జ్ 1950 నుంచి 2000 దాకా 17,897 పీనట్స్ స్ట్రిప్పులు గీశాడు. వాటిలో ప్రధానపాత్ర చార్లీ బ్రౌన్ కళ్ళు రెండు చుక్కలు, దిగులేస్తే ఆ చుక్కలకు అటూ ఇటూ రెండు చిన్న బ్రాకెట్లు. అతను చార్లీ బ్రౌన్ అయింది ఆ బ్రాకెట్లవల్ల కాదు, తోటిపిల్ల లూసీ బంతి లాగేస్తుందని ప్రతిసారీ తెలిసి కూడా ప్రతిసారీ తన్నడానికి పరిగెత్తడంవల్ల. హెర్జే గీసిన బొమ్మకథల్లో కథానాయకుడు టిన్‌టిన్ ముఖం దాదాపు ఖాళీ కాగితం. ఆ ఖాళీ పక్కన 1941లో కెప్టెన్ హాడక్ వచ్చి చేరాడు. గడ్డం అతని మూతిని సగం కప్పేస్తుంది. మిగిలిన కళ్ళతో, చేతులతో, మెలితిరిగిన ఒంటితో ఉరుముతాడు. టిన్‌టిన్ నిబ్బరం, హాడక్ ఉరుము ఒకదాన్నొకటి చూపిస్తాయి. విడివిడిగా తీస్తే రెండూ సగమే.

ఇంకా ముందుకు వెళ్తే, కదలని ముఖంతోనే నవ్వించి ఏడిపించిన కళలు మన దగ్గరే ఉన్నాయి. తోలుబొమ్మలాటలో మేకతోలు మీద చెక్కి రంగులద్దిన ముఖం ఇక మారదు. హాస్యపాత్రలైన కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు తరతరాలుగా అదే ముఖంతో తెర మీదకు దూకుతున్నారు. ఆడించేవాడు భుజం దగ్గర, మోచేతి దగ్గర ఉన్న కీళ్ళు కదిలిస్తాడు. బొమ్మని గబుక్కున ఎదుటిబొమ్మ మీదకు వంచుతాడు, చప్పున వెనక్కి లాగుతాడు, గొంతు మారుస్తాడు. బంగారక్క తిడుతున్నంతసేపూ పోలిగాడి ముఖంలో గీత కూడా మారదు, అయినా జనానికి అతని సిగ్గు, ఉక్రోషం, లొంగుబాటు వరసగా కనిపిస్తాయి. జపాన్ నో నాటకాల్లో చెక్క మొగాన్ని కాస్త పైకెత్తితే వెలుగొచ్చినట్టు, కాస్త వంచితే మబ్బు కమ్మినట్టు ఉంటుందంటారు, ఆ రెండు కదలికలకూ వేరే పేర్లున్నాయి. డిస్నీ స్టూడియోలో కొత్త యానిమేటర్లకి సగం నింపిన పిండి బస్తాను సంతోషంగా, దిగులుగా, గర్వంగా గీయమని పరీక్ష పెట్టేవారు. ముఖమే లేని బస్తా. ఆ సాధన చేసిన పరంపరలోంచే 1992 నాటి అల్లాదీన్‌లో కళ్ళూ నోరూ లేకుండా అలిగే తివాచీ వచ్చింది. అవును, ఆ తివాచీకి అలగడం వచ్చు. ఆరు తలకాయల చార్టుకి రాదు.

దీనికి రెండు మూడు అభ్యంతరాలు రావడం న్యాయమే. నేర్చుకునేవాడికి ఎక్కడో ఒకచోట మొదలు ఉండాలి కదా, చార్టు అక్షరమాల లాంటిది కదా అంటారు. అక్షరమాల లాంటిదైతే నాకు పేచీ లేదు. అక్షరానికి అర్థం ఉండదు, ‘క’ అంటే దుఃఖం అని ఎవరూ నేర్పరు. చార్టు నేర్పేది అక్షరాలు కాదు, ముందే అర్థం అతికించిన మాటలు. కనుబొమ ఎన్ని రకాలుగా కదులుతుంది, పై రెప్ప ఎంత దిగితే చూపు ఎలా మారుతుంది, నవ్వితే చెంప ఎక్కడ ఉబ్బుతుంది అని విడివిడిగా, పేర్లు పెట్టకుండా నేర్పితే అది అక్షరమాల. భరతుడి లెక్కలు ఆ పద్ధతివే. విచిత్రమేమిటంటే ఎక్‌మన్ 1978లో ఇంకొకరితో కలిసి తయారుచేసిన ముఖకండరాల సూచిక కూడా కదలికలనే లెక్కపెడుతుంది, వాటికి భావాల పేర్లు పెట్టదు. ఆయన పేరు చెప్పి ఆరు తలకాయలు అమ్మేవాళ్ళు ఆ పనిని ముట్టుకోరు. ఇక స్టూడియోల్లో ఎక్స్‌ప్రెషన్ షీట్లు లేనిదే పని నడవదన్నది రెండో అభ్యంతరం. ఒకే పాత్రను యాభైమంది గీస్తున్నప్పుడు ఆ షీటు తప్పకుండా కావాలి. కానీ అది ఎవరికి, ఎప్పుడు కావాలి? పాత్ర ఎవరో తేలిపోయాక, కథ తెలిశాక, పదిమంది చేతులూ ఒకలా నడవడానికి రాసుకున్న రికార్డు అది. ఇల్లు కట్టాక గీసిన కొలతల పటాన్ని చూపించి, ఇల్లు ఇలా పుడుతుందని ఎవరైనా చెబితే మేస్త్రీ ఒప్పుకోడు.

ముఖభావాలు అందరికీ ఒకటి కాకపోతే కామిక్స్ దేశదేశాలు ఎలా దాటుతున్నాయి అన్నది మూడోది, ఇది బలమైన ప్రశ్న. జవాబు కామిక్ పేజీలోనే ఉంది. కామిక్ ఎప్పుడూ ఒట్టి ముఖాన్ని పంపదు. కారణాన్నీ, చోటునీ, ఎదుటి మనిషినీ వెంటబెట్టుకుని పంపుతుంది. అరటితొక్క మీద కాలు పడ్డవాడి ముఖం ఏ దేశం వాడికైనా అర్థమవుతుంది, ఎందుకంటే అరటితొక్క కనిపిస్తోంది. ఒట్టి ముఖాన్ని మాత్రమే పంపితే ఏమవుతుందో మన చేతిలోని ఫోన్లు రోజూ చూపిస్తున్నాయి. మిన్నెసోటా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో ఒకే ఎమోజీని రకరకాల మనుషులకు చూపించి ఇది మంచి భావమా చెడ్డ భావమా అని అడిగితే, ఒకే కంపెనీ ఫోన్లోని ఒకే బొమ్మకి కూడా జవాబులు కలవలేదు. ఎమోజీలు ఎక్స్‌ప్రెషన్ చార్టుకి అచ్చమైన వారసులు, గడికో తల. వాటివల్ల ఇళ్ళలో ఎన్ని అపార్థాలు రేగుతున్నాయో అందరికీ తెలిసిందే.

కొత్త పాత్రను రూపొందించేవాళ్ళు ముఖం దగ్గర మొదలుపెట్టనక్కర్లేదనడానికి మన కూచిపూడి వేదిక ఒక్కటే చాలు. భామాకలాపంలో సత్యభామ ప్రవేశం తెర వెనక నుంచి జరుగుతుంది. ముఖం కనిపించదు. ముందు ఆమె జడ తెర మీదుగా ఇవతలికి వచ్చి వేలాడుతుంది. ఆ జడలో ఆమె గర్వం, సవాలు, కృష్ణుడి మీద అధికారం, రాబోయే అలక అన్నీ ఉన్నాయి. ముఖం కనిపించే వేళకి ఆమె ఎవరో సభ మొత్తానికి తెలిసిపోయింది. బుడుగు లోకంలో ముళ్ళపూడి వెంకటరమణ, బాపు ఒక అమ్మాయిని మనకు పరిచయం చేసినప్పుడు ఆమె పేరులోనే రెండు జడలు పెట్టారు. రెండుజెళ్ళ సీతను వెనక నుంచి చూసినా పోల్చుకోవచ్చు. చందమామలో శంకర్ గీసిన విక్రమార్కుడి బొమ్మను లక్షలమంది తెలుగువాళ్ళు నెలనెలా చూశారు. భుజాన శవం, చేతిలో కత్తి, శ్మశానంలో ముందుకు పడుతున్న అడుగు. ఆ రాజు కనుబొమలు ఎలా ఉన్నాయో చెప్పమంటే చాలామంది ఆలోచనలో పడతారు. ఆ భుజం మీది బరువు మాత్రం ఎవరూ మర్చిపోలేదు.

అందుకని అలకపాన్పు దగ్గరికే మళ్ళీ వెళ్దాం. పెళ్ళికొడుకు ముఖాన్ని ఇప్పుడే ముట్టుకోవద్దు. ముందు పాన్పు గీయండి, దాని మీద అతను కొంచెం పక్కకి తిరిగి, ఒక మోకాలు గుమ్మానికి అడ్డంగా పెట్టి కూర్చున్న తీరు గీయండి. చేతులు ఎక్కడున్నాయి? ఒళ్ళో ఉంటే బుద్ధిమంతుడు, వెనక్కి ఆనించి ఉంటే గడుసువాడు, దిండు కొసని నలుపుతూ ఉంటే తన బెట్టు తనకే ఎక్కువైందేమోనని లోలోపల జంకుతున్నవాడు. ఈ ముగ్గురూ మూడు వేర్వేరు పాత్రలు. గుమ్మంలో మామగారి కాలు ఒకటి మాత్రం కనిపించేలా పెట్టండి. వెనక మరదలు నోటికి పైట కొంగు అడ్డం పెట్టుకుంది. ఇప్పుడు పెళ్ళికొడుకు ముఖంలో రెండు చుక్కలు పెట్టి, వాటిని ఆ కాలి వైపు ఒక్క నూలుపోగంత జరపండి.